కాగితం రెండో వైపు

ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. పదకొండింటికి దత్తత ఆఫీసు మేడమ్ వస్తుంది. అప్పటికి ఇల్లు ఊడ్చి ఉండాలి, నలుగురూ స్నానాలు చేసి ఉండాలి, నానమ్మ నోరు మూసుకుని ఉండాలి. మూడోదే కష్టం.

మేడమ్‌కి ఇది ఆఖరి తనిఖీ. ఆమె బాగుందని రాస్తే ఎనిమిదేళ్ల పిడుగు పక్కాగా ఈ ఇంటి పిల్ల అవుతుంది. పది నెలలుగా ఇక్కడే తిని తిరుగుతున్నా కాగితం మీద ఇంకా కాలేదు. అంతకు ముందు ఒక ఇంటివాళ్లు మూడు నెలలు ఉంచుకుని, "మాకు కుదరలేదు" అని తిరిగి ఇచ్చేశారు. చెప్పులు కరుస్తున్నాయని కొట్లో వెనక్కి ఇచ్చినట్టు.

పోయినసారి మేడమ్ ఒక పని పెట్టి వెళ్లింది. ఇంట్లో ఒక్కొక్కరూ తమకు అన్నిటికన్నా మంచి రోజు ఎలా ఉంటుందో ఊహించి రాయాలి. ఒకరిది ఒకరు చూడకూడదు. మనుషుల్ని కాగితాలతో తూచడం ఆఫీసులకు అలవాటే. చూడకూడదన్నది చూడడం నానమ్మకు అలవాటే. పిడుగు స్నానానికి వెళ్లగానే ఆవిడ కళ్లజోడు తగిలించుకుని, పిల్ల పుస్తకంలోంచి కాగితం లాగింది.

"ఆ రోజు అమ్మ మిషన్ కుట్టదు. నాన్న పనికి వెళ్లడు. నానమ్మ టీవీ పెట్టదు."

స్నానాలగది గడియ చప్పుడైంది. నానమ్మ కాగితాన్ని మళ్లీ పుస్తకంలో కుక్కి వంటగదిలోకి పరిగెత్తింది. రెండో వైపు తిప్పే తీరిక దొరకలేదు.

"మనం పిల్లని ఎంత విసిగిస్తున్నామో తెలుసా?" అని కొడుక్కీ కోడలికీ గుసగుసగా అంతా చెప్పింది.

స్కూలు యూనిఫారాలు కుట్టే అమ్మ ముఖం వాడిపోయింది. "ఆ కరెంటు మిషన్ మోతకి నాకే తల పగిలిపోతుంది అత్తయ్యా. దానికెలా ఉంటుందో!"

"ఈ పూట ఎవరూ అరవొద్దు," అన్నాడు ప్లంబరు నాన్న. "ముఖ్యంగా నువ్వమ్మా."

"నేనెప్పుడు అరిచానురా!" అని నానమ్మ అరిచింది.

అమ్మ మిషన్ మీద దుప్పటి కప్పింది. నానమ్మ టీవీ ప్లగ్గు పీకేసింది. నాన్న ఫోన్ చేసి పనికి రానని చెప్పేశాడు. పిడుగు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముగ్గురూ వరసగా నిలబడి ఉన్నారు.

"కూర్చో తల్లీ," అన్నాడు నాన్న.

"పాలు తాగుతారా అమ్మా?" అంది నానమ్మ. నిన్నటిదాకా ఆవిడ నోట ఆ పిల్లకి "ఏయ్ కోతీ" తప్ప ఇంకో పిలుపు లేదు.

"ఏమైంది?" అంది పిడుగు.

"ఏం లేదమ్మా," అన్నారు ముగ్గురూ మెల్లగా.

పిల్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ నిశ్శబ్దంలో వంటగది కుళాయి టప్పుటప్పుమంటూ వినబడింది. ఊళ్లో కుళాయిలన్నీ బాగుచేసే మనిషి ఇంట్లో అది ఏడాదిగా కారుతోంది. మామూలు రోజుల్లో మిషన్, టీవీ, నానమ్మ కలిసి ఆ చప్పుడు మింగేసేవాళ్లు. మేడమ్ వింటే ఏమనుకుంటుంది? నాన్న పానా తీసి గట్టిగా తిప్పాడు. తుప్పు పట్టిన కుళాయి విరిగి చేతిలోకి వచ్చింది. గోడలోంచి నీళ్లు ఎగజిమ్మాయి.

"వాల్వు కట్టెయ్యండి!" అంది అమ్మ.

"వాల్వు లేదే! పోయిన నెల ఒకళ్లింట్లో అర్జంటైతే ఊడదీసి అక్కడ బిగించాను. ఇక్కడున్నది ఉత్త పైపు ముక్క!"

అంతే. మర్యాద అక్కడితో సరి. "ఊరికంతా ప్లంబరువి, ఇంటికి మాత్రం వరదవి!" అని నానమ్మ ఎత్తుకుంది. అమ్మ యూనిఫారాల మూట నెత్తిన పెట్టుకుని, స్టూలెక్కి మొగుణ్ణీ పానానీ కలిపి తిట్టింది. సరిగ్గా అప్పుడే మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎవరూ చూడలేదు.

గది తలుపు తెరుచుకుంది. పిడుగు బ్యాగు మోసుకుంటూ బయటికి వచ్చి, ఒక్క క్షణం ఆ తిట్లన్నీ విన్నది. బ్యాగు విప్పి, మడతపెట్టిన గౌను లాగి, ఉండచుట్టి గోడ కన్నంలో కుక్కింది.

"చూస్తావేం నాన్నా? నొక్కి పట్టుకో!"

నాన్న నొక్కి పట్టుకున్నాడు. అప్పుడు బ్యాగు కనిపించింది. "బట్టలన్నీ ఎందుకే సర్దావు?"

"నన్ను పంపించేస్తున్నారు కదా."

"ఎవరన్నారే?"

"ఎవరూ అనలేదు. ఆ ఇంట్లో కూడా ఆఖరి రోజు అందరూ ఇలాగే మెల్లగా మాట్లాడారు. పాలు తాగుతావా అని అడిగారు."

నానమ్మ నీళ్లలోనే చతికిలబడింది. "ఓసి కోతీ! మిషన్ వద్దు, టీవీ వద్దని నువ్వే కదే రాశావు!"

"చదివావా? దొంగ నానమ్మా! రెండో వైపు చదవలేదా?" పిడుగు బ్యాగులోంచి పుస్తకం తీసి, గుమ్మంలో కనిపించిన మేడమ్ చేతిలో కాగితం విసురుగా పెట్టింది.

మేడమ్ కాగితం తిప్పి పైకి చదివింది. "ఎందుకంటే ఆ రోజు పెద్ద వాన, కరెంటు ఉండదు. నలుగురం మంచమెక్కి పేకాడతాం. నానమ్మ దొంగాట ఆడుతుంది. నాన్న అరుస్తాడు. అమ్మ ఇద్దర్నీ తిడుతుంది. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. నేను కూడా."

నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కళ్లు తుడుచుకుందామని చెయ్యి తీస్తే నీళ్లొస్తాయి మరి.

అమ్మ స్టూలు దిగి బ్యాగు లాక్కుంది. "పిచ్చిమొహమా, మిగతా బట్టలు కూడా ఇటు తే. తుడవడానికి చాలడం లేదు!"

మేడమ్ నీళ్లలో నిలబడే ఫారం నింపింది: "పిల్ల ఈ ఇంట్లో పూర్తిగా కుదురుకుంది. కుళాయికి మాత్రం మరో తనిఖీ అవసరం."