చీటీ అక్కర్లేని పుస్తకం

ఆ రోజు పొద్దున్న అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ అయ్యేలోపు మామగారికి నిజం చెప్పేయాలి: మీ నవల నావల్ల కాలేదండీ, పన్నెండో పేజీ దగ్గర వదిలేశాను, ఏమనుకోకండి. ఆ వెంటనే షాపు తాళాలు తీసుకుని గబగబా బయటపడాలి. గడ్డం గీసుకుంటూ అద్దంలో ఆ మాటల్ని రకరకాలుగా అని చూసుకున్నాడు. ఎలా అన్నా ఘోరంగానే వినిపించింది.

వీధి మలుపులో ఉన్న మందుల షాపు అతనిదే. అక్కడ మందులకెంత పేరుందో, పుస్తకాల మీద అతని అభిప్రాయాలకూ అంతే పేరుంది. గల్లాపెట్టె పక్కన రెండు దొంతరలు ఉంటాయి. ఒకటి ఈమధ్య పూర్తి చేసినవి, రెండోది మధ్యలో వదిలేసినవి. రెండో దొంతరే ఎప్పుడూ ఎత్తుగా ఉంటుంది. దగ్గుమందు కోసం వచ్చినవాళ్లు కూడా కాసేపు ఆగి, "ఇదెందుకు వదిలేశారండీ?" అని అడిగిమరీ వెళ్తారు. అతను మొహమాటపడడు. "హంతకుడెవరో నాకు మొదట్లోనే తెలిసిపోయింది. ఆ డిటెక్టివ్‌కి సగం పుస్తకం అయినా తెలియలేదు. అలాంటివాడితో ఎంతదూరమని నడుస్తాం?" అంటాడు. "ఇది కవిత్వమండీ. కాగితం చాలా మంచిది," అంటాడు. "ఇది తెల్లవారకముందే నిద్ర లేవడం ఎలాగో చెప్తుంది. అసలు పడుకోవడం ఎలాగో చెప్పే మహానుభావుడుంటే చెప్పండి, కాళ్లు మొక్కుతాను," అంటాడు.

ఆ చివరి మాట వేళాకోళం కాదు. అల్లుడికి నిద్ర లేదు. పక్క మీద ఇటు దొర్లి, అటు దొర్లి, లేచి నీళ్లు తాగి, ఫ్యాను తగ్గించి, మళ్లీ పెంచి, కిటికీ మూసి, మళ్లీ తెరిచి, ఏదో ఒక పుస్తకం పట్టుకుంటాడు. బాగుంటే దాన్ని పట్టుకుని తెల్లార్లూ కూర్చుంటాడు. బాగాలేకపోతే రచయిత మీద కోపంతో తెల్లార్లూ కూర్చుంటాడు. పగలు షాపులో కాలు ఆడిస్తూ, వేళ్లు విరుచుకుంటూ, ప్రతి మాత్రల అట్టనీ రెండేసిసార్లు చదువుకుంటాడు. ఒకసారి బీపీ మాత్రలడిగిన పెద్దాయన చేతిలో గ్యాసు మాత్రలు పెట్టబోయాడు. ఆఖరి క్షణంలో చూసుకున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే షాపు మూసేయడమే అని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

అలాంటివాడి చేతిలో మామగారు తన నవల పెట్టారు. ఆయన ఉద్యోగమంతా భూములు కొలిచిన సర్వేయరు. అత్తగారు పోయాక కూతురింటికి వచ్చి, వెనక గదిలో తలుపేసుకుని ఈ నవల రాసి, అచ్చు వేయించారు. కట్టలు కట్టలుగా పుస్తకాలు మంచాల కింద చేరాయి. ఇల్లు ఊడవాలంటే ముందు సాహిత్యాన్ని జరపాలి.

నవలలో సర్వేయరు పొలం గట్టు మీద కొలత గొలుసు ఒక కొస పట్టుకుని నిలబడతాడు. రెండో కొస పట్టుకుని గొలుసువాడు అవతలి హద్దురాయి దగ్గరికి బయల్దేరతాడు. పన్నెండో పేజీకి కూడా వాడు చేరడు. ఈలోపు ఎండ ఎంతుంది, నేల ఎంత వాలుగా ఉంది, గొలుసుకి ఎన్ని లంకెలున్నాయి అన్నీ వస్తాయి. విచిత్రమేమిటంటే, ఆ లంకెల లెక్క దగ్గరికి రాగానే అల్లుడికి కళ్లు మూతపడుతున్నాయి. వారం రోజులుగా పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. కాబట్టి అతను చెప్పాల్సిన నిజానికి రెండు సగాలున్నాయి.

"అల్లుడుగారూ, ఎందాకా వచ్చారు?" అన్నారు మామగారు, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే.

"మామగారూ, మీకు నిజం చెప్పాలండీ..."

"చెప్పండి, చెప్పండి. మీరైతే మొహమాటం లేకుండా చెప్తారనే ఇచ్చాను."

చేదుమందు ముందు కాస్త చక్కెర నోట్లో వేసినట్టు, మంచి సగంతో మొదలుపెడదామనుకున్నాడు అల్లుడు. "ఈమధ్య మీ పుస్తకం లేకపోతే నాకు రాత్రి గడవడం లేదండీ."

మామగారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, మళ్లీ తీశారు. వంటింట్లోంచి గరిటెతో సహా కూతురు పరుగెత్తుకొచ్చింది. "నేను చెప్పలా నాన్నా! పుస్తకాల విషయంలో ఈయన దేవుడికైనా అబద్ధం చెప్పరు!" అని భర్త వైపు ఎన్నేళ్లుగానో చూడనంత ప్రేమగా చూసింది. ఆ చూపు ముందు అల్లుడు రెండో సగాన్ని మింగేశాడు. తాళాలు తీసుకుని బయటపడ్డాడు. వెనకాలే ఒక పుస్తకాల కట్ట మోసుకుంటూ మామగారు బయల్దేరారు.

"షాపులో పెట్టండి అల్లుడుగారూ. నలుగురూ చూస్తారు," అని కట్ట విప్పి, ఒక ప్రతిని స్వహస్తాలతో పూర్తి చేసిన పుస్తకాల దొంతర మీద పెట్టి వెళ్లారు. అల్లుడు దాన్ని తీయలేకపోయాడు, ఉంచలేకపోయాడు. అటు కాసేపూ ఇటు కాసేపూ జరిపి, చివరికి దగ్గుమందు సీసాల పక్కన పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే హెడ్మిస్ట్రెస్‌గారు వచ్చారు. కళ్ల కింద నల్లగా ఉంది. "పరీక్షలొస్తున్నాయి, కన్ను మూతపడి ఎన్నాళ్లయిందో తెలీదు. ఒక్క నిద్రమాత్ర ఇవ్వండి బాబూ."

"డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదమ్మా."

"ఒక్కటే!"

నిద్ర లేనివాడి బాధ నిద్ర లేనివాడికే తెలుస్తుంది. అల్లుడి మనసు కరిగిపోయింది. అటూ ఇటూ చూసి, దగ్గుమందు పక్కనున్న పుస్తకం తీసి చేతిలో పెట్టాడు. "పడుకునే ముందు రెండు పేజీలు చదవండమ్మా. అంతకు మించి అవసరం రాదు. దీనికి చీటీ కూడా అక్కర్లేదు."

మర్నాడు ఆవిడ కొత్త ముఖంతో వచ్చారు. టీచర్ల కోసం ఇంకో నాలుగు ప్రతులు పట్టుకెళ్లారు. ఆ టీచర్లు ఇళ్లలో చెప్పారు. వారం తిరిగేసరికి షాపు ముందు మనుషులు నిలబడి, "గొలుసు పుస్తకం ఉందా అండీ?" అని అడగడం మొదలైంది. ఎదురు క్లినిక్ డాక్టరుగారు చీటీ మీద మందుల కింద "గొలుసు పుస్తకం, రాత్రి పూట" అని రాసి పంపసాగారు. మంచాల కింద ఊడవడం సులువైంది.

మామగారికి కాళ్లు నేల మీద నిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సాయంత్రాలు షాపులో కుర్చీ వేసుకుని, పుస్తకాల మీద సంతకాలు పెట్టడం మొదలుపెట్టారు. అల్లుడికి మాత్రం ముళ్ల మీద కూర్చున్నట్టు ఉండేది. గుమ్మంలో ఎవరు అడుగుపెట్టినా ఎదురెళ్లి, మాట మామగారి చెవిన పడేలోపు పొట్లం కట్టి పంపేసేవాడు. అయినా అన్నీ ఆపగలడా?

"మీకే భాగం నచ్చిందండీ?" అని ఒకాయన్ని పట్టుకుని అడిగారు మామగారు.

"మొదటి పేజీ సార్."

"తర్వాతది?"

"ఇంకా వెళ్లలేదండీ. రోజూ ఆ పేజీయే చదువుతాను."

"రోజూ అదేనా!"

"అదే చాలండీ నాకు."

మామగారు కళ్లు తుడుచుకుని అల్లుడి వైపు తిరిగారు. "చూశారా? వాక్యం వాక్యం నమిలి చదువుతున్నాడాయన." అల్లుడు బల్ల కింద కాలు మరింత వేగంగా ఆడించాడు.

ఆ రాత్రే మామగారు భోజనాల దగ్గర రెండో ముద్రణ ప్రకటించారు. మొదటి ముద్రణలో స్థలాభావం వల్ల తీసేసిన లంకెల వివరాలన్నీ చేరుస్తారట. కూతురు చప్పట్లు కొట్టింది. ఇక లాభం లేదు, రేపు చెప్పేయాలి అనుకున్నాడు అల్లుడు. ఆ రేపటిని అతని కంటే ముందు డ్రైవింగ్ స్కూలు మాస్టారు వాడేసుకున్నాడు.

పగలంతా కొత్తగా నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టి బతికే మనిషి ఆయన. గొలుసు పుస్తకానికి పాత ఖాతాదారు. మర్నాడు సాయంత్రం వస్తూ వస్తూనే, అల్లుడు లేచేలోపు, గట్టిగా అడిగేశాడు. "ఇదే రచయితది ఇంకాస్త గట్టిది ఏమైనా ఉందా అండీ?"

కుర్చీలో మామగారు నిటారుగా అయ్యారు. "నేనేనండీ ఆ రచయితని. గట్టిది అంటే?"

"మీరేనా! దేవుడిలా దొరికారు సార్. నాకు దీనికి అలవాటు పడిపోయింది. మొదట్లో అరపేజీ చదివేలోపే నిద్ర ముంచుకొచ్చేది. ఇప్పుడు మూడు పేజీలు చదవాల్సొస్తోంది. ఇంకొన్నాళ్లు పోతే కథేంటో తెలిసిపోతుందేమోనని భయంగా ఉంది."

షాపులో ఉన్న అందరూ తలలూపారు. ఒకావిడ, "మా అత్తగారికైతే అట్ట చూస్తేనే చాలండీ," అంది అభిమానంగా.

మామగారు కలం మూత పెట్టి, జేబులో గుచ్చుకుని, లేచి వీధిలోకి నడిచారు. అల్లుడు షాపు అలాగే వదిలేసి వెనకాల పరుగెత్తాడు. రోడ్డు దాటే చోట ఎర్ర లైటు పడి ఆయన ఆగితే, పక్కకొచ్చి నిలబడ్డాడు. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు అతనికి.

"మీరు అబద్ధం ఆడరన్నది మా అమ్మాయి," అన్నారు మామగారు, లైటు వైపే చూస్తూ.

"ఆడలేదండీ. సగమే చెప్పాను."

"మిగతా సగం ఇప్పుడు చెప్పండి."

"పన్నెండో పేజీ దాటలేకపోయానండీ. ఆ గొలుసువాడు అవతలి కొసకి ఎప్పటికీ చేరడం లేదు."

"చేరతాడు. నూట పదో పేజీలో."

"అంతసేపు ఎందుకండీ?"

"ఆ రోజు నిజంగానే అంతసేపు పట్టింది. పొలం మధ్యలో అన్నదమ్ములిద్దరూ గొడ్డళ్లు పట్టుకుని అడ్డం నిలబడ్డారు. తన నేల మీద గొలుసు పడితే గొలుసువాడి తల తీస్తానని ఇద్దరూ అన్నారు. వాడు పాపం గొలుసు నెత్తి మీద పెట్టుకుని సాయంత్రం దాకా కదలకుండా నిలబడ్డాడు."

ఆకుపచ్చ లైటు పడింది. ఇద్దరూ కదల్లేదు. వెనకాలున్నవాళ్లు విసుక్కుంటూ పక్కల నుంచి దాటుకుపోయారు.

"ఇదంతా పుస్తకంలో ఉందా?" అన్నాడు అల్లుడు.

"లేదు. అది కొలతకి సంబంధించిన విషయం కాదుగా?"

"మామగారూ! మీకు దణ్ణం పెడతాను. లంకెలు తీసేయండి. గొడ్డళ్లు పెట్టండి!"

మామగారు మొదటిసారి అతని ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం ఉంది, అవమానం ఉంది, వాటి వెనకాల ఎక్కడో కొంచెం ఆశ కూడా ఉంది. తిన్నగా ఇంటికి వెళ్లి వెనక గది తలుపు వేసుకున్నారు.

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. "మా నాన్న పుస్తకాన్ని దగ్గుమందు పక్కన పెట్టి అమ్ముతారా?" అని కంచం విసురుగా పెట్టి వెళ్లిపోయింది భార్య. మామగారు ఒకరోజు తలుపు తీసుకుని బయటికొచ్చి, ఇంట్లోనూ షాపులోనూ మిగిలిన ప్రతులన్నీ ఏరి, అల్లుడి దిండు కిందది కూడా లాక్కుని, పాత కాగితాలవాడికి వేసేసి, మళ్లీ తలుపు వేసుకున్నారు. అల్లుడు ఆపలేదు. ఆపే మొహం లేదు. ఆ రాత్రి నుంచీ మళ్లీ ఫ్యాను తగ్గించడం, పెంచడం, కిటికీ మూయడం, తెరవడం. అయినా ఆ గదిలో కలం కదులుతున్న చప్పుడు వినిపిస్తుంటే, తన నిద్ర పోతేపోయింది, ముసలాయన గుండె మాత్రం పగల్లేదు అని సంతోషించాడు.

కొన్ని నెలలకి కొత్త ముద్రణ వచ్చింది. దీంట్లో లంకెలు ఇంకా ఎక్కువుంటాయని ఆత్రంగా ఉన్న జనం, తమ దగ్గరున్న పాతవి కూడా కాగితాలవాడికి వేసేసి, ఆ సాయంత్రానికే ఎగబడి కొనుక్కుపోయారు. అల్లుడు కూడా రాత్రి ఒక ప్రతి పట్టుకుని, పాత అలవాటుగా దిండు సర్దుకుని, దుప్పటి కప్పుకుని, రెండు పేజీలు చదువుదామని తెరిచాడు. మొదటి వాక్యంలోనే అన్నదమ్ముల్లో పెద్దవాడు గొడ్డలికి పదును పెడుతున్నాడు. చివరి పేజీ తిప్పేసరికి పాలవాడు తలుపు కొడుతున్నాడు.

షాపు దగ్గర అప్పటికే జనం ఉన్నారు. అందరి కళ్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "ఇదేం అన్యాయం బాబూ?" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. "బళ్లో టీచర్లందరం ఆవలింతలే. పాతది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఇప్పించండి!" డ్రైవింగ్ స్కూలు మాస్టారి నుదుటి మీద చిన్న కట్టు ఉంది. "తమ్ముడు గొడ్డలి ఎత్తాడు, దించుతాడా లేదా అని ఆలోచిస్తూ బ్రేకు మర్చిపోయానండీ," అన్నాడు. పాతవి లేవని అల్లుడు రెండు చేతులూ జోడించాడు. నిద్రమాత్రలు చీటీ ఉంటేగానీ ఇవ్వనన్నాడు. అటుచూస్తే చీటీలు రాయాల్సిన డాక్టరుగారు క్లినిక్ తలుపు కొద్దిగా మూసుకుని ఆఖరి అధ్యాయంలో ఉన్నారు.

జనం మధ్యలోంచి దారి చేసుకుంటూ మామగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా లేదు. పొగడ్త కోసం వచ్చిన మనిషిలా కూడా లేరు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి, పరీక్ష ఫలితం కోసం వచ్చిన పిల్లాడిలా నిలబడ్డారు.

"ఈసారి రెండు సగాలూ చెప్పండి అల్లుడుగారూ. ఎలా ఉంది?"

అల్లుడు ఆవలింత ఆపుకున్నాడు. బుర్ర తిరుగుతోంది. ఎదురుగా ఉన్న మాత్రల పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. ఇలాంటిదే ఇంకో పుస్తకం వస్తే తన గతేమిటో, బీపీ పెద్దాయన గతేమిటో తలచుకుంటే ఒళ్లు జలదరించింది.

"పర్వాలేదండీ," అన్నాడు చూపు పక్కకి తిప్పుకుని. "మధ్యమధ్యలో కాస్త కునుకు పట్టింది. రెండో భాగం లాంటిదేమీ పెట్టుకోకండి."

మామగారు అల్లుడి ఎర్రటి కళ్లలోకి తృప్తిగా చూసి, రెండో భాగం మొదలుపెట్టడానికి ఇంటికి వెళ్లారు.