కిడ్నీ వెనక చిరునవ్వు

పేదవాడి కడుపులో ఏముందో పేదవాడికి తెలిసి తీరాలన్న మహోన్నత ఆశయంతో ఆరోగ్య మంత్రిగారు పెద్దాసుపత్రికి కొత్త స్కానింగ్ యంత్రాన్ని ప్రసాదించారు. ఎంత అరుదైన కణితైనా ఇక దాక్కోలేదని రిబ్బన్ కత్తిరిస్తూ హెచ్చరించారు. కణితులు విన్నాయో లేదో గానీ, జనం చప్పట్లు కొట్టారు.

యంత్రం నిజంగానే గొప్పది. దాన్ని చూసి స్కాన్ డాక్టరమ్మ మురిసిపోయింది. తీసిన ప్రతి బొమ్మ మీదా కింది మూలలో మంత్రిగారి ఫొటో వస్తుంది, అదొక్కటే చిక్కు. తెర మీదా అంతే, ఫిల్ము మీదా అంతే. సరిగ్గా ఎడమ కిడ్నీ వెనకభాగం కనబడాల్సిన చోట ఆయన చేతులు జోడించి నవ్వుతుంటారు. ఆ ఫొటో తీసేయాలంటే పాస్‌వర్డ్ కావాలి. అది మంత్రిగారి పేషీలో ఉంది.

ఒకరోజు నడుం లాగుతోందంటూ ఓ టైలరు వచ్చాడు. అతని కిడ్నీని వెనకనుంచి ఏదో ముందుకు తోస్తోంది. మంత్రిగారి చెవి పక్కన దాని అంచు తొంగిచూస్తోంది. అక్కడ కణితి రావడం అరుదు, వస్తే చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది, ఆలస్యమైతే మనిషి దక్కడు. డాక్టరమ్మ వెంటనే మంత్రిగారి పీఏకి ఫోన్ చేసింది.

"సార్, ఫొటో కాస్త జరపాలండీ. వెనక కణితి ఉన్నట్టుంది."

"మంత్రిగారి వెనక కణితా? నోరు జాగ్రత్తమ్మా!"

"పేషెంటుకండీ."

"అయితే పేషెంటునే జరపండి."

జరిపింది. ఫొటో కూడా మర్యాదగా కిడ్నీ వెంటే జరిగింది. విసుగెత్తి బొమ్మనే తిరగేసింది. మంత్రిగారు తలకిందులయ్యారు. సాయంత్రానికల్లా సంజాయిషీ నోటీసు వచ్చింది.

"పోనీ బయటెక్కడైనా తీయించుకోవయ్యా," అంది టైలరుతో.

"ఆ తాహతే ఉంటే మీ దాకా ఎందుకొస్తానమ్మా?"

ఈలోగా ఎడమ కిడ్నీ వెనక ఒక్క కణితీ బయటపడలేదని లెక్కలు తేల్చాయి. ఆ జబ్బును సమూలంగా నిర్మూలించామని మంత్రిగారు సభలో ప్రకటించారు. బల్లలు మోగాయి.

ఆ తర్వాత కొన్నాళ్లకు మంత్రిగారే నడుం పట్టుకుని వెనక గుమ్మంలోంచి వచ్చారు. పీఏ కీబోర్డు మీద తువ్వాలు కప్పి, దాని కింద పాస్‌వర్డ్ కొట్టాడు. ఫొటో మాయమైంది.

"ఎడమ కిడ్నీ వెనక కణితండీ. చిన్నగా ఉండగానే దొరికింది, అదృష్టవంతులు."

"నిర్మూలించాం కదమ్మా?" అన్నారు మంత్రిగారు నొచ్చుకుంటూ.

ఆపరేషను దివ్యంగా జరిగింది. డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఆయన కంటతడి పెట్టుకున్నారు. ఇదే అదనని ఆమె టైలరు సంగతంతా చెప్పింది.

"సార్, ఆ ఫొటో..."

"ఇంక చెప్పకమ్మా, నాకర్థమైంది. ఆ ఫొటో మార్చాల్సిందే."

మాట తప్పలేదు. వారం తిరక్కుండా మార్పించారు. డాక్టరమ్మ సంబరంగా టైలరుకు కబురుపెట్టి, మళ్లీ యంత్రంలో పడుకోబెట్టింది. తెర వెలిగింది. ఆపరేషను తర్వాత కొత్తగా తీయించుకున్న ఫొటో, ఈసారి నిలువెత్తుది. రెండు కిడ్నీలూ మూసుకుపోయాయి.

"ఎలా ఉందమ్మా లోపల?" అన్నాడు టైలరు ఆశగా.

డాక్టరమ్మ తెరవంక చూసింది.

"మంత్రిగారు పూర్తిగా కోలుకున్నారయ్యా."