అన్నిటికీ కారణమైన కాయిల్

ఇలా నా దగ్గరికి జరిగి కూర్చోండి. ఫ్యాను గాలి నాకు తగలకపోయినా పర్వాలేదు గాని, ఈ మాట మీ చెవిన పడాలి. మద్దిలపాలెంలో మేముండే ఐదంతస్తుల అపార్టుమెంటులో జరుగుతున్న సమస్త అరిష్టాలకూ కారణం దొరికింది. మా అల్లుడు ఉమామహేష్ డాబా మీద పెట్టిన రాగితీగ కాయిలే అది. నేనన్న మాట కాదండోయ్, సంఘం మినిట్స్ పుస్తకంలో రాసుంది.

అల్లుడు ఉక్కు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను. డ్యూటీ దిగాక కుదురుగా ఉండడు. సర్కారు లైసెన్సు పుచ్చుకుని, రేడియోలో దూరాభారం వాళ్ళతో టిక్కుటిక్కుమని మాట్లాడుకుంటాడు. అందరూ వాడే తరంగాలు ఇతనికి ఆనవు. పొడుగాటివి కావాలి. ఒక్కొక్కటి ఆరువందల మీటర్ల పైమాటట. డాబా మీద కట్టిన తీగ చూస్తే ముప్పై మీటర్లు. ఆ పొట్టితనం పూడ్చడానికే కాయిల్. అటక అందనివాడు పీట ఎక్కడం లాంటిదే. రెండో తరగతితో బడి మానేసిన నాకు అర్థమైంది, చదువుకున్నవాళ్ళకే అర్థం కాలేదు.

పూర్ణా మార్కెట్లో కొన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్టు మీద రాగితీగ చుట్టాడు. దాని లోపల నా కందిపప్పు డబ్బా, దాని మీదా తీగే. లోపలి డబ్బా తిరగడానికి నా పప్పుగుత్తి కాడ.

"ఇనప కడ్డీ ఎట్టుకోరాదేటి అల్లుడూ? అంత ఫ్యాక్టరీలో పని సేత్తన్నావు గదా!"

"ఇనుము పనికిరాదత్తా. కర్రే ఉండాల."

ఊరు ఊరంతా ఉక్కు నమ్ముకుని బతుకుతుంటే, మా డాబా మీద మాత్రం దానికి చోటు లేకపోయింది.

ఈ రెండు చుట్లూ ఒకే వైపు మొహం పెడితే బలం కలుస్తుంది. ఎదురెదురుగా పెడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. మా సంఘం ప్రెసిడెంటు సీతారామాంజనేయులుగారూ, సెక్రటరీ కనకరత్నమూ ఇంతే. కాకపోతే వాళ్ళు ఒకే వైపు తిరగగా చూసినవాళ్ళు లేరు. సముద్రపు గాలిలో చెమ్మ మారినప్పుడల్లా కాయిల్‌ని కాస్త తిప్పి సరిచేసుకోవాలి. మనుషులకు ఆ ఏర్పాటు లేదు.

అండమాన్లో గణేష్ అని అల్లుడి స్నేహితుడు. ఈ పొడుగు తరంగం మీద ఒకరి టిక్కుటిక్కు ఒకరు వినాలని మూడేళ్ళుగా చూస్తున్నారు, ఒక్కసారీ కుదరలేదు. గణేష్‌కి ఢిల్లీ బదిలీ అయింది. ఆదివారం సామాను ఓడెక్కించేస్తాడు. శనివారం సాయంత్రం ఏడింటికి ఆఖరి ప్రయత్నం. అది తప్పిందా, సముద్రం మీదుగా పలకరించుకునే యోగం ఇక లేదు.

సరిగ్గా ఆ వారమే, బుధవారంనాడు, సర్వసభ్య సమావేశం పెట్టారు. లిఫ్టు రెండుసార్లు ఆగింది, కాయిల్ వల్ల. నీళ్ళ మోటారు మూలిగింది, కాయిల్ వల్ల. మూడో అంతస్తు గోడకి చెమ్మ దిగింది, కనకరత్నం దోసెలపిండి పొంగలేదు, అవీ దానివల్లే. నాలుగో అంతస్తు పెద్దమనిషి లేచి తన జుట్టు రాలిపోయిందని విన్నవించుకున్నాడు. ఆయన తొమ్మిదేళ్ళ కిందట బట్టతలతోనే దిగాడు, కాయిల్ వచ్చి మూడేళ్ళే. సభ ఇంత చిన్న తేడాను పట్టించుకోదలచలేదు.

ప్రెసిడెంటుగారు గోదావరి మనిషి, మాట తీయగా ఉంటుంది. కండువా సర్దుకుని లేచారు.

"సభ్యులారా! మనం విజ్ఞానానికి వ్యతిరేకం కాదండి. అది మన డాబా మీద ఉండటానికి మాత్రమే వ్యతిరేకమండి!"

చప్పట్లు మోగాయి.

"బాబూ, శనారం దాకా ఒగ్గేయండి. తరవాత నానే తీసేత్తాను" అని అల్లుడు చేతులు జోడించాడు.

"శనారం దాకా మా దోసిలపిండి ఎవులు సూత్తారు?" అంది కనకరత్నం.

దోసెలపిండి గెలిచింది, కాయిల్ తీసెయ్యాలన్న తీర్మానం నెగ్గింది. కాయిల్ ప్రెసిడెంటుగారి మంచం కిందికి చేరింది. అల్లుడు అన్నం ముందు కూర్చుని వేలితో విస్తట్లో టిక్కుటిక్కుమనుకున్నాడు, మెతుకు ముట్టలేదు.

గురువారం లిఫ్టు మళ్ళీ ఆగింది. ఈసారి లోపల కనకరత్నం ఉంది. ముప్పావుగంట తరువాత బయటపడి తిన్నగా ప్రెసిడెంటుగారి తలుపు కొట్టింది. "కాయిల్ లేదు గదండీ, మరి లిఫ్టెందుకాగింది?"

పాపం, ఆయన తొమ్మిదేళ్ళ పాలనలో ఇలాంటి ప్రశ్న వినలేదు. కాయిల్‌కి ముందు వాచ్‌మన్ కుక్క ఉండేది. కుక్కకి ముందు బోరు వాస్తు ఉండేది. ఆయనకూ జనానికీ మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డుండేది. శుక్రవారం మోటారు కాలిపోయింది, దానికి సర్వీసింగు ఎప్పుడు చేయించారని అడిగారు. గోడలో పైపుకి చిల్లుందని ఎవరో చేత్తో తడిమి మరీ కనిపెట్టారు. శనివారం పొద్దున్నకల్లా మెట్ల మీద కొత్త ప్రెసిడెంటు పేర్లు వినబడసాగాయి.

మధ్యాహ్నం నేనే వెళ్ళాను.

"బాబూ, అది మీ మంచం కింద ఉంటే మీకేటి లాభం? డాబా మీదుంటే అందరి తిట్లూ అదే తింటాది. నోరెత్తదు. ఓటెయ్యదు."

ఆయన వంగి మంచం కిందికి ఓసారి చూసుకున్నారు. "మామ్మగారూ, మీరు రాజకీయాల్లో ఏమైనా చేశారా అండి?"

"సేపలమ్మాను బాబూ."

సాయంత్రం ఆరున్నరకు, లిఫ్టు ఆగిపోయి ఉంది గనక, ప్రెసిడెంటుగారు ఆ బకెట్టును పసిబిడ్డలా చంకనెత్తుకుని ఐదంతస్తులూ రొప్పుతూ ఎక్కారు. కాయిల్‌ను ఉమ్మడి సౌకర్యంగా గుర్తిస్తూ డాబా మీదే ఏకగ్రీవ తీర్మానం. కనకరత్నం కూడా సంతకం చేసింది. లిఫ్టు గొడవలో సెక్రటరీకీ వాటా ఉందని మెట్ల మీద అనుకోవడం ఆమె విన్నది.

ఏడయింది. అల్లుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, పప్పుగుత్తి కాడను వెంట్రుకవాసి తిప్పుతున్నాడు. జనం మీద పడిపోతున్నారు.

"ఎనక్కి జరగండి బాబూ, మీరు దగ్గరికొత్తే లెక్క మారిపోతంది!"

జరిగారు. అంతలో అతని మొహం విచ్చుకుంది.

"అత్తా! గణేషు!"

"ఏటంటన్నాడు?"

"వినపడతన్నావు, అంటన్నాడు."

మూడేళ్ళ కష్టానికి అంతే మాట. ఇద్దరూ అరగంటసేపు అదే చెప్పుకున్నారు. అల్లుడు కళ్ళు తుడుచుకుంటూంటే నేను సముద్రం వైపు తిరిగి నిలబడ్డాను.

ఇప్పుడు మా అపార్టుమెంటు సుఖంగా ఉంది. లిఫ్టు ఆగుతూనే ఉంది, కాయిల్‌ని తిట్టుకుంటూ హాయిగా మెట్లెక్కుతున్నారు. తమకూ ఒకటి చుట్టిపెట్టమని పక్క అపార్టుమెంటు ప్రెసిడెంటు వచ్చి అల్లుణ్ణి బతిమాలాడు.

మీ ఇంట్లో ఇలాంటి కాయిల్ లేదంటారా? అయితే ఆ ఉద్యోగం ప్రస్తుతం ఎవరు చేస్తున్నారో ఒకసారి చుట్టూ చూసుకోండి. మా జాలారిపేటలో కొత్తకోడలు చేసేది. నేను నాలుగేళ్ళు చేశాను. వలలో చేప పడకపోతే నేను, తెప్ప తిరగబడితే నేను. నా కింద తోడికోడలు వచ్చాకగాని నాకు రిటైర్మెంటు దొరకలేదు. వచ్చిన రోజున ఎంత సంతోషించానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఇది మరిచిపోకండి. మీ ఇంట్లో ఆ పని చేస్తున్న మనిషి పక్కన కూర్చుని, ఈ కాయిల్ కథ నేను చెప్పినట్టే చెప్పండి.