చూరు కింద బిందెలు

"ఇవాళ ఆ పెట్టె విప్పేస్తాను" అంది ఆవిడ, పొద్దున్నే నడుం బిగించి.

భర్త బూటు లేసు కట్టుకుంటూ తలెత్తాడు. ఆయన గిడ్డంగుల కంపెనీలో గుమాస్తా. ఎక్కడ కొత్త గిడ్డంగి లేస్తే అక్కడికి బదిలీ. కాపురం పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఆ చెక్కపెట్టె కట్టిన తాడు కట్టినట్టే ఉండిపోయేది. విప్పితే మళ్ళీ కట్టాలి కదా అని ఆయన వాదన. విప్పకపోబట్టే ఏ ఊరూ మనది కాలేదని ఆవిడ వాదన. మనసు కలిసిన పొరుగువాళ్ళందరికీ లారీ వెనక నుంచి చెయ్యి ఊపుతూ వచ్చిన మనిషి. ఇక ఊపే ఓపిక లేదు.

"ఇంకొన్నాళ్ళు చూద్దాం. ఒకటే వాన. ఈ ఊరు మనకి పడుతుందో లేదో."

"పడకపోతే పడేట్టు చేస్తా. మీరు గొడుగు మర్చిపోకండి."

ఆయన వెళ్ళగానే తాడు విప్పింది. దాన్ని హాల్లో అడ్డంగా దండెంలా కట్టి, తడి చొక్కా ఒకటి ఆరేసింది. పెట్టెలోంచి బిందెలూ డేగిసాలూ బయటికి తీసింది. అప్పుడు చూరు వంక చూసింది.

వాళ్ళు వదిలి వచ్చిన ఊళ్ళో నీళ్ళబండి వారానికోసారి వచ్చేది. బిందె వరస దగ్గర తోబుట్టువులు కూడా మాటలు మానుకున్న ఊరు అది. ఇక్కడేమో చూరు వెంట చెయ్యంత లావు ధారలు పడి కాలవలోకి పోతున్నా ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. బిందెలన్నీ చూరు కింద పెట్టి, నిండినవి నిండినట్టు వంటింట్లోకి మోసింది.

పక్కింటి దర్జీ ఆవిడ కుట్టు ఆపి కిటికీలోంచి చూసింది. అక్కణ్ణించి చూరు మరుగు, గిన్నెలతో ఇంట్లోకి వెళ్ళడం ఒక్కటే కనబడింది. వాననీళ్ళు పట్టి దాచుకునేవాళ్ళుంటారని ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. వానలో గిన్నెలు పట్టుకుని ఇంట్లోకి పరుగెత్తితే అర్థం ఒక్కటే, కప్పు కారుతోందని. వాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చిన ఇంటాయన వీధి చివర ఉంటాడు. దర్జీ ఆవిడ గొడుగేసుకుని ఆయన దగ్గరికి నడిచింది.

"నోట్లో నాలుక లేని మనిషండీ, కిక్కురుమనకుండా కారిన నీళ్ళు మోసుకుంటోంది. ఇలాగైతే ఆ వదిన ఎన్నాళ్ళుంటుంది?"

గుమ్మంలో ఇంటాయన కనబడేసరికి, బిందెలు మోస్తున్న ఆవిడ గబగబా వంటింటి తలుపు చేరేసింది. వెనకటి ఊళ్ళో ఒక ఇంటాయన చూరు నీళ్ళు కూడా తనవేనని గొడవపడి, చివరికి ఖాళీ చేయించాడు.

"ఎన్ని గిన్నెలు పెట్టారమ్మా?"

"రెండే బాబాయిగారూ" అంది, వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"దాచకండి. పక్కింటావిడ కళ్ళారా చూసింది."

"రేపట్నుంచి ఒక్కటి కూడా పెట్టను. ఈ ఒక్కసారికీ ఖాళీ చెయ్యమనకండి."

ఇంటాయనకు కళ్ళు చెమర్చాయి. "నా ఇంటివల్ల ఇంత కష్టం పడుతూ మీరు నన్ను బతిమాలడమేంటమ్మా! ఇప్పుడే మేస్త్రీని తెస్తా."

చూరుకు గొట్టం బిగించి నీళ్ళు తనింటికి మళ్ళించుకుంటాడు కాబోలనుకుంది ఆవిడ.

మేస్త్రీ దిట్టమైన మనిషి. పెంకులన్నీ తట్టి చూసి, "రాయిలా ఉందండీ కప్పు!" అని పైనుంచి అరిచాడు.

"ఊరికే కారుతుందా? నడిమధ్యలో తొక్కి చూడు!" అని కిందనుంచి ఇంటాయన అరిచాడు.

తొక్కాడు. కాలు మోకాలిదాకా హాల్లోకి దిగింది. దాన్ని లాక్కోబోతే రెండోది దిగింది. రెండూ పైకి పోయాక ఆ కంతలోంచి వాన దిగింది.

సాయంత్రం భర్త వచ్చేసరికి హాల్లో ఇంటాయన గొడుగేసుకుని నిలబడ్డాడు. దర్జీ ఆవిడ నేల తుడుస్తోంది. మేస్త్రీ మోకాలికి మందు రాసుకుంటున్నాడు. భర్త వంటింట్లోకి తొంగిచూశాడు.

"ఇన్ని నీళ్ళెందుకు పట్టావ్?"

"రేపు నీళ్ళు రాకపోతే?"

నలుగురూ ఆవిడ వంక చూశారు. బయట వాన దంచుతోంది.

"అంటే... ఇల్లు కారలేదా?" అన్నాడు ఇంటాయన.

"లేదండీ. చూరు నీళ్ళు తీసుకున్నానని మీరు కోప్పడ్డానికొచ్చారనుకున్నా."

"మరి నన్నెందుకెక్కించినట్టు?" అన్నాడు మేస్త్రీ.

దర్జీ ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుంది. ఇంటాయన కోపం తెచ్చుకోబోయాడు. ఇంతలో పెంకు ముక్కొకటి వచ్చి ఆయన గొడుగు మీద పడింది.

"తొక్కమన్నది నేనేలెండి" అని ఒప్పుకున్నాడు. "వానలు వెనకపట్టేదాకా పెంకులు మార్చలేం. పట్టా కప్పిస్తా, అయినా కారుతుంది. మీరు మాత్రం వెళ్ళిపోతామనకండి, ఊళ్ళో నా పరువు పోతుంది."

"ఇంకేం ఉంటాం? పెట్టె కట్టు" అన్నాడు భర్త.

"దేంతో కట్టను? తాడు దండెమైంది. బిందెలతో పనుంది" అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

నిండు బిందె చంకనెత్తుకుని వచ్చింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగింది. పళ్ళు బిగించి నీళ్ళన్నీ వీధిలోకి పారబోసింది. బుద్ధెరిగాక ఆవిడ నీళ్ళు పారబోయడం అదే మొదలు. ఖాళీ బిందె తెచ్చి కంత కింద పెట్టింది. దర్జీ ఆవిడ, "ఉండు వదినా, రెండోది నే తెస్తా" అని లేచింది.

దండెం మీద చొక్కా మాత్రం ఆ ఇంట్లో అందరికంటే ముందే స్థిరపడింది. నెలైనా ఆరలేదు.