దుప్పుల టీముకు ఎండుమిరపకాయల దిష్టి

అయ్యలారా, అమ్మలారా! ఇంటికొక ఓడిపోయే టీము ఉండాలి. లేనివాళ్లు కనీసం ఓడిపోయే టీమును ప్రేమించే యజమానినైనా సంపాదించుకోవాలి. నమ్మరా? అయితే సౌదీలోని ధహ్రాన్‌లో వంటమనిషిగా ఉన్న కడప జిల్లా మహబూబ్బీ సంగతి వినండి.

ఆమె వండిపెట్టేది కెనడా ఇంజనీరు డగ్లస్ సారుకు. ఆయన ప్రాణమంతా వాళ్ల ఊరి ఫుట్‌బాల్ టీము మీదే. మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు లెండి. కోడిగుడ్డులాంటి బంతిని చంకన పెట్టుకుని ఆంబోతుల్లా కుమ్ముకునేది. హెల్మెట్ల మీద దుప్పికొమ్ముల బొమ్మ. ఈ ఏడు ఆ దుప్పులు లేచింది తక్కువ, పడింది ఎక్కువ.

ఎంత మేలు జరిగిందనుకున్నారు! గెలిస్తే స్నేహితులంతా ఇంటిమీద పడతారు. మహబూబ్బీ పొయ్యి దగ్గరే ఉడకాలి. ఓడితే? ఆట చూడ్డానికొచ్చిన నలుగురూ చెప్పులు వెతుక్కుంటారు. కోడిరెక్కల వేపుడు గిన్నెతో సహా వంటింటికి తిరిగొస్తుంది. గెలిచినవాడు ఉప్పెక్కువైందంటాడు. ఓడినవాడికి నాలుకే ఉండదు! తన కప్పు తనే కడుక్కుంటాడు. ఇంత వినయం ఏ గురువు నేర్పగలడు?

సారు కారు నడిపే కరీంనగర్ ఖాసిం శనివారం తెల్లారేసరికి వంటింటి కిటికీ దగ్గర హాజరు.

"అక్కా, మల్ల ఓడిన్రా?"

"ఓడినార్రా నాయనా. పళ్లెం పట్టుకోని రాపో."

"గా దుప్పులు సల్లగుండాలె! గిట్లనే ఓడాలె!"

"నీ నోట్లో మన్ను పొయ్య!"

ఎందుకా కోపం? ఎండాకాలంలో సారు ఒక మాట అన్నాడు: "మా టీము ఫైనల్‌కు వస్తే నవంబరులో మేం కెనడా పోతాం. అప్పుడు నువ్వూ ఊరికి పోయి రా." ప్రొద్దుటూరులో కూతురు ఖుష్బూకు తొలికాన్పు కూడా నవంబరులోనే. ఒప్పందం ప్రకారం ఎప్పుడో రావలసిన లీవు, ఆ పన్నెండుమంది ఆటగాళ్ల కాళ్ల కింద పడి నలుగుతోంది!

ఇంకొక్క ఆట ఓడితే దుప్పులు ఇంటికే అన్న రోజు వచ్చింది. మహబూబ్బీ ఉప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి టీవీకి మూడుసార్లు దిగదుడిచి, పెనం మీద వేసింది. దిష్టి ఉంటే మిరపకాయలకు ఘాటు రాదంటారు. ఇల్లంతా ఘాటే! అంటే దుప్పులకు ఏ పాపిష్టి కళ్లూ తగల్లేదు. వాళ్లకు ఆటే రాదు!

పొగకు అలారం కొట్టుకుంది. సెక్యూరిటీ వాళ్లు పరుగెత్తుకొచ్చారు. అందరూ బయట నిలబడి దగ్గుతుంటే, లోపల టీవీలో దుప్పులు చివరిసారి ఓడిపోయారు.

కళ్లు తుడుచుకుంటూ సారు అడిగాడు: "మా టీమంటే నీకింత ప్రేమా?"

"ప్రేమ యాడిది సార్! మీరు ఫైనల్‌కు పోతేనే గదా నాకు లీవు!"

సారు నోరు తెరిచాడు. ఆ మాట అన్నట్టే ఆయనకు గుర్తులేదు! "అడిగి ఉంటే ఇచ్చేవాణ్ని కదా!" అన్నాడు.

వారం తిరక్కుండా ఊరికెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్-రీఎంట్రీ వీసా చేతికొచ్చింది. చూశారా ఓటమి మహిమ! హక్కుగా రావలసింది కూడా మిరపకాయ ఘాటుకు గానీ గుర్తురాని లోకం కదా మనది.

ఎయిర్‌పోర్టులో సంచి దింపుతూ ఖాసిం నిట్టూర్చాడు. "మరి నా లీవెప్పుడక్కా?"

మహబూబ్బీ సంచిలోంచి ఎండుమిరపకాయల పొట్లం తీసి అతని చేతిలో పెట్టింది.

"అడిగితే ఇస్తాడంట గదా, ముందు అడుగు. మర్చిపోయినాడంటే, పెనం యాడుందో నీకు తెల్సు."