మార్చి ముప్పై ఒకటి లోపల మనశ్శాంతి

"మార్చి ముప్పై ఒకటో తారీఖు లోపల బ్లాకులోని గ్రామాలన్నిటా మనశ్శాంతి నెలకొల్పవలెను. ఇందులో జాప్యం సహించబడదు."

అరవై నాలుగో సంవత్సరం జనవరి ఆఖరులో పంచాయతీ సమితి ఆఫీసు నుంచి ఈ సర్క్యులర్ వెలువడింది. కింద బీడీఓ దక్షిణామూర్తి గారి సంతకం, ముద్ర. నిజానికి ఆయన అడిగింది కోళ్ల పెంపకంలో శిక్షణ. అందులో సీట్లు నిండిపోవడంతో ప్రభుత్వం ఆయనను పట్నంలో పదిరోజుల యోగా, మంత్రోచ్చారణ శిక్షణకు పంపింది. దేశానికున్న అసలు కొరత ఏమిటో ఆయనకు అక్కడే తెలిసింది. నీళ్లు, రోడ్లు, ఎరువులు అనేవి మనసు నిలకడ లేనివాళ్లు అడిగేవి.

సర్క్యులర్ సాలెపల్లి చేరేసరికి ఆండాళు బావి దగ్గరుంది. బొక్కెన వదిలితే నీళ్లలో మునిగిన చప్పుడు రాలేదు, బండకు తగిలిన చప్పుడు వచ్చింది. నలభై ఆరు మగ్గాల ఊరది. నూలు నానెయ్యాలన్నా, పడుగుకు గంజి పట్టించాలన్నా ఆ బావే దిక్కు. శివరాత్రి రాకముందే అడుగున బండ తేలింది. ఆ బండకు రంధ్రాలు తొలిచి మందు పెట్టి పేల్చాలంటే సమితికున్న ఒకే ఒక కంప్రెషర్ లారీ రావాలి. రెండేళ్లుగా అర్జీలు పోతున్నాయి, లారీ రావడం లేదు. ఈ ఎండాకాలం కూడా రాకపోతే మగ్గం దింపి షోలాపురం మిల్లుకు పోతానని ఆండాళు పెనిమిటి భిక్షపతి అక్కడి మేనబావకు ఉత్తరం కూడా రాశాడు.

గ్రామసేవక్ వెంకటరాజం సైకిలు దిగి సర్క్యులర్ చదివి వినిపించాడు.

"అక్కా, రేపటిసంది పొద్దుగాల అందరు వాడకట్టుల కూసోని మంత్రం అనాలె."

"పొద్దుగాలనా? మరి పడుగెప్పుడు సాపాలె? ఎండెక్కితే గంజి గట్టిపడ్తది గద."

"ఫస్టొచ్చిన ఊరి మీద సారు స్పెషల్ దృష్టి పెడ్తడంట."

"దృష్టంటే?"

వెంకటరాజం బావిలోకి తొంగిచూశాడు. "కంప్రెషరే అయ్యుంటది. సమితిల ఇంకేమున్నది?"

మర్నాడు తెల్లవారుతుండగా బీడీఓ గారి జీపు వచ్చింది. అప్పటికే వీధి పొడుగునా పడుగు చాపి ఉంది. తీయడానికి వీల్లేదన్నారు ఊరివాళ్లు. తీయనక్కర్లేదన్నారు ఆయన. పడుగుకు అటూ ఇటూ కూర్చోబెట్టేసరికి వరుసలు దారం పట్టినట్టు వచ్చాయి. జిల్లాలో ఇంత తిన్నని ధ్యానం తాను చూడలేదని ఆయన మెచ్చుకున్నారు.

"నాభి నుంచి లేవాలి. ఓం... శాంతిః!"

బీడీల అలవాటున్న భిక్షపతికి శాంతి సగంలో దగ్గు వచ్చింది.

"కంగారు పడకు. అది దగ్గు కాదు, లోపలి మాలిన్యం బయటికి పోతోంది," అన్నారు బీడీఓ గారు.

"ఇరువై ఏండ్లసంది పోతనే ఉన్నది సార్," అన్నాడు భిక్షపతి.

ముసలి నర్సింగమ్మకు తేలు మంత్రం వచ్చు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి రాత్రనక పగలనక వస్తారు ఆమె దగ్గరికి. ఆమెకు ఈ పద్ధతి నచ్చలేదు.

"మంత్రం గిట్ల నలుగుట్ల ఒర్రుతరా సారూ? మా అత్త నాకు చెవుల చెప్పింది. అందరికి ఎరుకైతే పనిచెయ్యది."

"ఇది తేలుకు కాదమ్మా, అశాంతికి."

"అది గూడ కుడ్తదా?"

బీడీఓ గారు నోటుబుక్కులో 'సందేహాలు: ఒకటి' అని రాసుకున్నారు.

రిజిస్టరు మాత్రం ఎంతో శ్రద్ధగా తయారుచేశారు. పేరు, వయసు, మంత్రాల సంఖ్య. ఆ పక్కన 'కోరికలు, ప్రారంభంలో'. చివర 'కోరికలు, ప్రస్తుతం'. మొదటిరోజు అడిగితే నలభై ఆరు ఇళ్లవాళ్లూ ఇంటికొక కోరిక చెప్పారు. బావిలో బండ పగలాలని. ఒక ఊరివాళ్లంతా ఒకటే కోరుకోవడం ఏకాగ్రతకు నిదర్శనమని ఆయన సంతోషించారు.

నెల తిరిగాక తనిఖీ. ముందురోజే వెంకటరాజం ఇల్లిల్లూ తిరిగాడు.

"రేపు కోరికలేమన్న ఉన్నయా అని అడుగుతడు. లేవనాలె. కోరిక తగ్గితేనే మార్కు."

"బండ పగలకుండనే లేదంటె ఎట్ల?" అంది ఆండాళు.

"గిప్పుడు లేదంటెనే కదక్కా, ఫస్టొచ్చి అది పగులుతది."

ఆండాళుకు ఎక్కడో ముడి తప్పుగా పడుతున్నట్టు అనిపించింది. కాని ఇంటికొచ్చిన పెద్దమనిషి ఎట్లున్నరని అడిగితే మంచిగున్నమనడం ఊరి మర్యాద. తనిఖీలో ఆయన ముందామెనే అడిగారు.

"ఏం లేదు సార్. మనసు నిమ్మళంగున్నది."

మహిళామండలిలో నేర్చుకున్న అక్షరాలతో రిజిస్టరులో సంతకం చేసింది. మిగతా ఆడవాళ్లు ఆమె పేరు కింద వేలిముద్రలు వేశారు.

సాలెపల్లి ఫస్టొచ్చింది. వెంకటరాజానికి శాలువా కప్పారు. బావి గిలక గుంజకు 'శాంతి గ్రామం' అని బోర్డు కొట్టారు. కంప్రెషర్ లారీ వచ్చే సోమవారం పక్క ఊరు గుట్టకిందిపల్లెకు పోతుందని ఆ సాయంత్రమే తెలిసింది.

ఆండాళు పొద్దున్నే బయల్దేరి ఆరు మైళ్లు నడిచి సమితి ఆఫీసుకు పోయింది. బీడీఓ గారు ఆమెను ఎంతో ఆదరంగా కూర్చోబెట్టారు.

"గుట్టకిందిపల్లెలో ఒక్కరూ కళ్లు మూయలేదమ్మా. రెండువందల పన్నెండు కోరికలు! వాళ్ల బాధ వినడమే కష్టంగా ఉంది. మీకు కోరికలే లేవు కదా. కోరిక లేనివాళ్లకు కంప్రెషర్ పంపితే పైవాళ్లు ఏమంటారు?" రిజిస్టరు తెరిచి చూపించారు. "ఈ సంతకం నీదే కదూ?"

"నాదే సార్."

"ఎంత ముచ్చటైన అక్షరాలు!"

ఇంటికొచ్చేసరికి భిక్షపతి రేకుపెట్టె దులుపుతున్నాడు. "నీ సంతకం మన కొంప ముంచింది. మంగళారం రైలెక్కుత."

ఆండాళు రాట్నం ముందు కూర్చుంది. చీకటి పడేదాకా కండెలు చుట్టింది. అటుగా పోతున్న వెంకటరాజాన్ని పిలిచింది.

"మంత్రం ఇక్కడనే అనాలెనని ఏమన్న ఉన్నదా?"

"లేదక్కా. ఎక్కడైన అనొచ్చు. నూటెనిమిది అయ్యేదాక నడుమ ఎవ్వలు ఆపొద్దని మాత్రం సర్క్యులర్ల ఉన్నది."

గురువారం పది కొట్టకముందే నలభై మంది ఆడవాళ్లు సమితి ఆఫీసు వరండాలో రెండు వరుసల్లో కూర్చున్నారు. వరుసలు దారం పట్టినట్టున్నాయి. ఓం శాంతిః నాభి నుంచి లేచింది. బీడీఓ గారు కిటికీలోంచి చూసి పరవశించి, ప్యూను గుర్వయ్యతో నీళ్లు పంపించారు. శుక్రవారం తలుపు వేయించారు. శనివారం కలెక్టర్ గారి ఫోను వచ్చింది. నీటి ఎద్దడి మీద ఆయన ఏదో అడుగుతున్నారు.

"హలో... చిత్తం సార్... వినపడటంలేదు సార్... శాంతి సార్! కాదు సార్, మిమ్మల్ని కాదు సార్..."

ఫోను పెట్టేసి చెమట తుడుచుకుంటూ వరండాలోకి వచ్చారు. "మీకేం కావాలమ్మా?"

నూటెనిమిది పూర్తయ్యేదాకా ఎవరూ కళ్లు తెరవలేదు. ఆయన నిలబడే ఉన్నారు. గుర్వయ్య కుర్చీ తెచ్చివేశాడు.

"మాకేం వద్దు సార్," అంది ఆండాళు చివరికి. "మనసు నిమ్మళంగున్నదని చెప్పిపోదామని వచ్చినం. సోమారం గూడ వస్తం."

బీడీఓ గారు రిజిస్టరు తెప్పించుకున్నారు. 'ప్రస్తుతం' గడిలో సున్నా కొట్టేసి ఎర్రసిరాతో నలభై ఆరు వేశారు. పక్కన ఆండాళు మళ్లీ సంతకం చేసింది. ఈసారి తొందరపడకుండా, గుండ్రంగా.

సోమవారం లారీ సాలెపల్లికి వచ్చింది. తొమ్మిది రోజులు బండ పేలింది. పదోరోజు బొక్కెన మునిగిన చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. భిక్షపతి ప్రయాణానికి దులిపిన రేకుపెట్టెలో నేతకు తెచ్చిన నూలు చిలపలు పెట్టుకున్నాడు.

మార్చి ముప్పై ఒకటిన బీడీఓ గారి నివేదిక పోయింది. ధ్యానంలో ప్రథమ స్థానం పొందిన సాలెపల్లిలో మంత్రబలం చేత బండ పగిలి పన్నెండడుగుల నీరు వచ్చినది. కంప్రెషర్ సంగతి అందులో రాయడానికి చోటు చాలలేదు. పైవాళ్లు నివేదికను రెండుసార్లు చదివారట. ఏప్రిల్‌లో జవాబు వచ్చింది. ఈ బ్లాకులో బండలు మంత్రంతో పగులుచున్నందున కంప్రెషర్ అనవసరమని భావించి వేరొక బ్లాకుకు బదిలీ చేయడమైనది. దానికి బదులుగా తుంగచాపలు వంద మంజూరు.

ఆ వారంలోనే గుట్టకిందిపల్లె నుంచి అరుణమ్మ పదిమంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆండాళు ఇంటికి వచ్చింది. చంకలో తుంగచాప.

"అక్కా, లారీ మా ఊరి పొలిమేర గూడ తొక్కలే. మీ మంత్రమేందో జర మాకు చెప్పరాదు?"

అరుగు మీద నర్సింగమ్మ గట్టిగా దగ్గింది. ఆండాళు అటూ ఇటూ చూసి, చేయి అడ్డం పెట్టి, అరుణమ్మ చెవిలో చెప్పింది.

"పది కొట్టకముందే పోయి వరండల పడమటి దిక్కు కూసోన్రి, నీడుంటది. ఫోను మోగంగనే గొంతు పెంచున్రి."