తోక లేని డ్రాగన్

ఆదివారం ఉదయం తొమ్మిదింటికల్లా థియేటర్లో ఉండాలని ప్రొజెక్టర్ ఆపరేటర్ అనుకున్నాడు. అనుకుంటే సరా? స్నానాల గదికి అడ్డంగా బావమరిది నాలుగు కాళ్ల మీద పాకుతున్నాడు.

"బావా, చూసుకోండి! తోక తొక్కుతున్నారు!"

తోకా లేదు, దాని తాతా లేదు. పిల్లలు పడిచచ్చే ఓ బొమ్మల సీరియల్ని మనుషులతో సినిమాగా తీశారు. అందులో డ్రాగన్ ఈ మహానుభావుడే. ఒళ్లంతా ఆకుపచ్చ బట్ట బిగించుకుని, నెత్తిన కర్రా, డ్రాగన్ తలకి గుర్తుగా దానికో బంతీ కట్టుకుని కథానాయిక ముందు గెంతడం అతని పని. తర్వాత కంప్యూటర్లో అతన్ని చెరిపేసి డ్రాగన్ని పెడతారు. షూటింగ్ అయి ఏడాదైనా, ఇంకో పని చూసుకోకుండా ఇంటినిండా లేని తోక ఈడుస్తున్నాడు.

"ఇవాళ ప్రివ్యూలో మా తమ్ముడు కనిపిస్తాడు, చూస్తూండండి," అంది భార్య జడ అల్లుకుంటూ.

"వాడి గోరు కనిపించినా నా పేరు మార్చుకుంటాను!"

ప్రివ్యూకి మూడు వందలమంది పిల్లలతోపాటు భార్యా, బావమరిదీ కూడా వచ్చారు. సినిమా విడుదలకింకా వారం ఉంది. అందుకే థియేటర్లో అందరి ఫోన్లూ సంచుల్లో వేసి సీలు వేశారు, ఆపరేటర్‌ది కూడా. మేనేజర్ అరచేతులు తుడుచుకుంటూ తిరుగుతున్నాడు. "ఏమయ్యా, నిర్మాతమ్మగారు స్వయంగా వచ్చారు. ఏ చిన్న తేడా వచ్చినా తాళాలు బల్లమీద పెట్టి ఇంటికెళ్లిపో."

ఆపరేటర్ ప్రొజెక్టర్ గదిలోకి వెళ్లాడు. కంపెనీ రెండు డిస్కులు పంపింది. ఒకటి అసలు సినిమా, రెండోది శబ్దం సరిచూసుకోవడానికి పంపిన, గ్రాఫిక్స్ కలపని సినిమా. ఏది ఏదో తేల్చడానికి అతనికి ఇరవయ్యేళ్లుగా ఒకటే పద్ధతి: మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ? చేతికందిన డిస్కు పెట్టి రెండు మెతుకులూ పట్టి చూశాడు. కోట బాగుంది, పెళ్లి బాగుంది. ఇదే అసలుదనుకున్నాడు. డ్రాగన్ మాత్రం ఇరవయ్యో నిమిషంలో వచ్చి పెళ్లికి ముందే వెళ్లిపోతుంది.

ఇరవయ్యో నిమిషంలో హాలు గొల్లున నవ్వింది. గాజు కిటికీలోంచి తొంగి చూసిన ఆపరేటర్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. "ఓ అగ్నిరాజా!" అంటూ కథానాయిక బావమరిది మెడ పట్టుకుని ఏడుస్తోంది. నెత్తిమీద బంతి ఊగుతోంది. పొట్ట కూడా ఊగుతోంది.

తలుపు దబదబా మోగింది. మేనేజరే అనుకుని గొళ్లెం బిగించి కుర్చీ అడ్డం పెట్టాడు.

"ఏమండీ! తమ్ముడు కనిపించాడు!" భార్య గొంతు.

"నా ఉద్యోగం కనిపించకుండా పోతోందే! వెళ్లి కూర్చో!" అని అరిచి, ఆ కంగారులో సినిమా ఆపేశాడు. మూడు వందలమంది పిల్లలు ఒక్కసారిగా కేకలు పెట్టారు. మళ్లీ తలుపు మోగింది.

"తలుపు తియ్యవయ్యా!" ఈసారి నిజంగానే మేనేజర్.

"తీస్తే ఉద్యోగం పోతుంది సార్!"

"తియ్యకపోయినా పోతుంది!"

తీశాడు. తాళాలు ముందుకు చాపాడు. మేనేజర్ వెనకాల నిర్మాతమ్మ ఎర్రగా చూస్తోంది. "ఆపిందెవరు?"

"నేనేనమ్మా. బుద్ధి గడ్డితిన్నది. అసలు డిస్కు ఇప్పుడే పెడతాను."

"పెట్టావంటే చూడు! ఆ పచ్చాయన కావాలని పిల్లలు కుర్చీలెక్కి గోల చేస్తున్నారు. కోట్లు పోసి చేయించిన డ్రాగన్‌కి ఇంతకుముందు వేసిన ఆటల్లో ఒక్క పిల్లాడు కూడా నవ్వలేదు. ఆపినదే పెట్టు, ఇప్పుడే!"

ఆటయ్యాక పిల్లలు బావమరిదిని చుట్టుముట్టి వదల్లేదు. సినిమా చివర అతని గెంతులన్నీ కలిపి చూపిస్తామని నిర్మాతమ్మ అక్కడే మాటిచ్చింది. అక్క కళ్లు తుడుచుకుంది. మేనేజర్ తాళాలు తిరిగిస్తూ, "ఉంచుకోండి, డ్రాగన్‌గారి బావా," అన్నాడు. థియేటర్లో ఆ పేరే స్థిరపడిపోయింది.

ఇప్పుడు ఆపరేటర్ ప్రతి సినిమానూ ఆసాంతం చూసిగానీ వెయ్యడం లేదు. ఇంట్లో తలుపు వేసేముందు మాత్రం, బావమరిది తోక లోపలికొచ్చిందో లేదో అడిగి మరీ వేస్తున్నాడు.